మూడో సంతానం

జనాభా పాఠం ఆ ఏడు పంచాయతీ ఎన్నికలతో పాటే వచ్చింది. కావాలని పెట్టుకున్నది కాదు. పదో తరగతి సోషల్‌లో దసరా సెలవుల తర్వాత చెప్పాల్సిన పాఠాల్లో అది మిగిలి ఉంది, అంతే.

డీఎస్సీలో నాకు ఉద్యోగం వచ్చి అప్పటికి ఏడాది. కథలాపూర్ మండలంలో నేను పుట్టి పెరిగిన ఊరి హైస్కూల్లోనే పోస్టింగ్ పడింది. నా భర్త అరవింద్ సిరిసిల్లలో బట్టల ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు. వారమంతా అమ్మ దగ్గర ఉండి, శనివారం బడి వదలగానే సిరిసిల్లకు పోయేదాన్ని. మా అన్నలిద్దరూ దుబాయిలో ఉన్నారు. ఇంట్లో అమ్మ గంగవ్వ, బాపు చంద్రయ్య. బాపు కల్లు గీయడానికి తాళ్లెక్కడం మానేసి చాలా ఏళ్లయింది. అమ్మ మాత్రం బీడీలు చుట్టడం మానలేదు.

పాఠం మొదలుపెట్టే ముందు పిల్లలకు ఒక పని చెప్పాను. ఇంట్లో అమ్మమ్మనో తాతనో అడిగి, వాళ్లు ఎంతమంది అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లో తెలుసుకుని రమ్మన్నాను. మర్నాడు ఒక్కొక్కరు లేచి చెబుతుంటే బోర్డు మీద రాశాను. ఎనిమిది, ఏడు, తొమ్మిది, మళ్లీ ఏడు.

ఒక పిల్లవాడు అంకె చెప్పకుండా నిలబడ్డాడు. "మా అమ్మమ్మ నన్నే అడిగింది టీచర్. పుట్టినోళ్లను చెప్పాల్నా, బతికినోళ్లను చెప్పాల్నా అని."

"ఏం చెప్పినవ్?"

"నిన్నడిగి చెప్త అన్న."

బోర్డు మీద అతని చోట ఖాళీ వదిలేశాను. తర్వాత వాళ్లింట్లో వాళ్లెంతమందో అడిగాను. ఇద్దరు, ఇద్దరు, ఒక్కరు, ఇద్దరు. ఆ వరుస రాయడానికి ఎంతోసేపు పట్టలేదు. నేను చదువుకున్నప్పుడు పదో తరగతికి రెండు సెక్షన్లు ఉండేవి. ఇప్పుడు బెంచీలు సగం ఖాళీ.

కుటుంబ నియంత్రణ గురించి ప్రభుత్వం మొదట చెప్పి చూసిందని, తర్వాత ఆశ పెట్టిందని, డెబ్బైల్లో చాలాచోట్ల భయపెట్టిందని చెప్పాను. ఆస్పత్రి గోడల మీద ఎర్ర త్రికోణం ఎందుకు ఉండేదో చెప్పాను. ఆ తర్వాత ఇద్దరు పిల్లల నిబంధనకు వచ్చాను. తొంభై ఐదు జూన్ తర్వాత మూడో సంతానం పుట్టినవాళ్లు సర్పంచ్‌గా గాని, వార్డు మెంబరుగా గాని నిలబడడానికి వీల్లేదు. ముప్పై ఏళ్లు నడిచిన ఆ నిబంధనను మొన్నమొన్ననే ఎత్తేశారు.

"ఎందుకు తీసేసిండ్రు టీచర్?"

"ఇప్పుడు మన రాష్ట్రంల సగటున ఒక్క తల్లికి ఇద్దరు పిల్లలు గూడ లేరు. తగ్గియ్యాలని పెట్టిన కానూను, తగ్గినంక దేనికి?"

కిటికీ పక్కన కూర్చునే తిరుమల చెయ్యెత్తింది. బాగా చదివే పిల్ల. ప్రశ్నలు మాత్రం ఎప్పుడూ అడగదు.

"టీచర్, మూడో పిల్లను వేరేవాళ్లకు పెంచుకోను ఇస్తే లెక్కల్నించి పోతదా?"

"పోదు. ఎవరి దగ్గర పెరుగుతున్నరని చూడరు. ఎంతమందిని కన్నరని చూస్తరు."

"వేరే ఊర్లె ఉంచినా?"

"ఎక్కడ ఉంచినా గంతే."

తలూపి కూర్చుంది. వెనక బెంచీ నుంచి ఎవరో, "టీచర్, మీరు గూడ మూడోళ్లే గదా" అన్నారు. ఊరి పిల్లలు, వాళ్లకు తెలియనిది లేదు.

"అవును. ఇద్దరన్నల ఎనుక నేను. నేను పుట్టకపోతే మా అమ్మ ఎప్పుడో సర్పంచ్ అవుతుండె" అన్నాను నవ్వుతూ. పిల్లలూ నవ్వారు.

అది మా ఇంట్లో పాత మాట. రెండువేల ఒకటిలో, నాకు ఐదేళ్లప్పుడు, మా ఊరి సర్పంచ్ సీటు ఆడవాళ్లకు వచ్చింది. అమ్మకు అప్పుడు ముప్పై ఏళ్లు కూడా లేవు. ఆకు తక్కువ తూచి ఇస్తున్నాడని బీడీ ఏజెంటు ఇంటి ముందు ఊరి ఆడవాళ్లందరినీ కూర్చోబెట్టి, పని బందు పెట్టించి, తూకం సరిచేయించిన మనిషి. అందరూ కలిసి ఆమెతోనే నామినేషన్ వేయించారు. ముగ్గురు పిల్లలున్నారని, మూడోది తొంభై ఆరులో పుట్టిందని పసుపు రైతు లచ్చయ్య అభ్యంతరం పెట్టాడు. నామినేషన్ కొట్టేశారు. లచ్చయ్య భార్య సర్పంచ్ అయింది. ఆ తర్వాత ఎన్ని ఎన్నికలు వచ్చినా అమ్మ ఎవరో ఒకరికి ఓట్లు అడిగి పెట్టింది తప్ప తాను నిలబడలేదు. బాపు కల్లు తాగి ఉన్నప్పుడు నన్ను చూపించి, "ఇది పుట్టకపోతే మా ఇంట్ల సర్పంచ్ ఉంటుండె" అనేవాడు. ప్రేమగానే అనేవాడు. నేనూ నవ్వేదాన్ని. కానీ పదో తరగతిలో మండలం ఫస్టు వచ్చినా, ఉద్యోగం వచ్చినా, అమ్మకు ఏదో బాకీ తీరుస్తున్నట్టే ఉండేది నాకు.

గంట కొట్టాక పిల్లలందరూ వెళ్లిపోయారు. తిరుమల ఆగింది.

"టీచర్, మీ వల్ల కాదు."

"ఏంది?"

"మీ అమ్మ సర్పంచ్ కాకపోవుడు. గంగవ్వ ఒక్క అబద్ధం చెప్పుంటే గెలుస్తుండె అని మా తాత అంటడు."

వాళ్ల తాత లచ్చయ్యే. ఈసారి కూడా సీటు ఆడవాళ్లకు వచ్చింది. తిరుమల వాళ్లమ్మ లత, మా అమ్మ ఎదురెదురుగా నిలబడుతున్నారని అప్పటికే ఊరంతా తెలుసు. తిరుమలకు ఇద్దరు అక్కలు. లతకైనా, మా అమ్మకైనా ఈ ఎన్నికల్లో నిలబడే దారి దొరికింది ఆ నిబంధన పోవడం వల్లే.

"ఏం అబద్ధం?" అని అడిగాను.

"మీ అమ్మనే అడుగుండ్రి టీచర్" అని బ్యాగు భుజాన వేసుకుని వెళ్లిపోయింది.

అమ్మను అడగలేదు. అమ్మ చెల్లెలు చిన్నవ్వను అడిగాను. చిన్నవ్వ మా ఊరికే కోడలుగా వచ్చింది. పంచాయతీ ఆఫీసు ఎదురుగా ఇల్లు. నేను పోయేసరికి గడప దగ్గర కూర్చుని, తడిపిన తునికాకును కత్తెరతో కత్తిరిస్తోంది. అడిగినా తలెత్తలేదు.

"ఇప్పుడెందుకే గవన్ని?"

"చెప్పు చిన్నమ్మా."

"ఏమున్నది చెప్పనీకి. లచ్చయ్య అభ్యంతరం పెడ్తడని ముందుగాలనే తెలిసింది. పెద్దమనుషులు మీ ఇంట్ల కూసున్నరు. సిన్నపిల్ల నీది కాదు, నీ చెల్లె బిడ్డ అని చెప్పు, ఎవడు చూడొచ్చిండు అన్నరు. నువ్వు ఇంట్లనే పుడితివి. గప్పుడు కాయితాలు ఎక్కడియి? మీ బాపు సరే అన్నడు. నేను గూడ సరే అన్న."

"నువ్వు గూడనా?"

"నాకప్పుడు పెండ్లై ఆరేండ్లు. పిల్లల్లేరు." కత్తిరించిన ఆకులు సర్ది కట్ట కట్టింది. "నిన్ను తెచ్చుకుంటనని కోరుట్లకు పోయి గౌను తెచ్చిన. ఎర్రది. మీ అమ్మ గూడ ఆ పూట కాదనలే. సప్పుడు చేయకుంట ఉన్నది. తెల్లారి ఆఫీసర్ ముందట నిలబడి, పిల్లలెందరమ్మా అంటే, ముగ్గురు అన్నది."

"తర్వాత?"

"తర్వాతేమున్నది. వచ్చి బీడీలు చుట్టుకుంట కూసున్నది. మీ బాపు నెల రోజులు మాట్లాడలే."

ఆ గౌను ఏమైందని అడగబోయి ఊరుకున్నాను. చిన్నవ్వకు ఆ తర్వాత ఒక కొడుకు పుట్టాడు. ఇప్పుడు మస్కట్‌లో ఉన్నాడు.

నోటిఫికేషన్ వచ్చాక మా హెడ్మాస్టరు నన్ను పిలిచి, ప్రభుత్వ ఉద్యోగం, జాగ్రత్తగా ఉండమన్నారు. అమ్మ వెంట నేను వీధిలో నడవలేదు, ఒక్క ఓటు అడగలేదు. అమ్మ కూడా నన్ను ఏమీ అడగలేదు. పొద్దున్నే వండి పెట్టి, చిన్నవ్వను, బీడీ చుట్టే మరో నలుగురిని వెంటబెట్టుకుని ఇల్లిల్లూ తిరిగేది. ఎండబోసిన వడ్ల కుప్పల దగ్గర, పసుపు చేలల్లో, ఎక్కడ మనుషులుంటే అక్కడికి పోయేది. లచ్చయ్య దగ్గర జీపు, మైకు ఉన్నాయి. లత భర్త శ్రీశైలం సౌదీ నుంచి ఊరి వాట్సాప్ గ్రూపులో రోజూ వీడియో పెట్టేవాడు.

ప్రచారం చివరి ఆదివారం నేను సిరిసిల్ల నుంచి పొద్దున్నే వచ్చాను. మర్నాడు కోరుట్లలో నాకు ఎన్నికల డ్యూటీ ట్రైనింగ్ ఉంది. మధ్యాహ్నం అమ్మ అన్నానికి ఇంటికి వచ్చి కాళ్లు కడుక్కుంటుండగా తిరుమల లోపలికి వచ్చింది. ఒంటి మీద కొత్త గులాబీ రంగు డ్రెస్సు ఉంది. లత ప్రచారం రంగు అదే.

"అవ్వా, కొంచెంసేపు ఇక్కడ కూసుంట."

అమ్మ ఆ పిల్లనూ డ్రెస్సునూ చూసింది. "కూసో. తిన్నవా?"

"లేదు."

ఇద్దరికీ నేనే వడ్డించాను. కాసేపటికి పిల్లే చెప్పింది.

"మమ్మల్ని ముగ్గురిని జీపు ముందట నడువమన్నరు. మా తాత మైకుల చెప్తడట, నా ఇంట్ల ముగ్గురు లక్ష్ములున్నరని."

"నడిస్తే ఏమైతది?" అన్నాను.

"పోయినసారి ఇద్దరే అని చెప్పిండ్రు టీచర్. నేను అప్పుడు మూడో తరగతి. సిరిసిల్లల మా మేనత్త ఇంట్ల ఇడిచిపెట్టి వచ్చిండ్రు. ఆమెను అమ్మ అని పిలువుమన్నరు. ఎవరన్న అడిగితే నేను ఈమె బిడ్డనే అని చెప్పుమన్నరు." అన్నం కలుపుతూ మామూలుగానే చెబుతోంది. "నామినేషన్ ఎట్లన్న పోయింది. అయినా తోలుకరాలే. ఎలక్షన్ అయిపోయినంక గూడ కేసు గీసు అంటరని ఉంచిండ్రు. కరోనా అచ్చినంక తెచ్చిండ్రు. అప్పటికి నేను మా అమ్మను లతమ్మ అంటున్న."

అమ్మ చెయ్యి కడుక్కుని వచ్చి నాతో అంది. "లతకు ఫోన్ చెయ్యి. ఎతుకుతుంటది." నేను తటపటాయించడం చూసి, "నువ్వు సర్కారు నౌకరివి. నేనే చేస్త" అని ఫోన్ అందుకుంది.

"లతా, నీ బిడ్డ మా ఇంట్ల ఉన్నది. అన్నం తింటున్నది. నువ్వొక్కదానివే రా. జీపు తేకు."

లత నడుచుకుంటూ వచ్చింది. మెడలో గులాబీ కండువా ఉంది. గుమ్మంలో ఒక్క క్షణం ఆగి, లోపలికి వచ్చి కూతురికి కాస్త దూరంగా అరుగు మీద కూర్చుంది. ఇద్దరు అభ్యర్థులు ఒకే అరుగు మీద కూర్చోవడం ఆ నెలంతటిలో అదే మొదటిసారి. నేను నీళ్లిచ్చాను. తాగలేదు.

"అత్తమ్మా, నీకు గూడ గట్లనే చెప్పుమన్నరట గదా" అంది లత. "టీచర్ మీ చెల్లె బిడ్డ అని."

"అన్నరు."

"నువ్వెట్ల చెప్పలేదు?"

"నోరు రాలే."

లత కొంగుతో ముఖం తుడుచుకుంది. "నాకు వచ్చింది అత్తమ్మా. మామ చెప్పుమన్నడు, ఆయన గూడ ఫోన్ల చెప్పుమన్నడు. ఆఫీసర్ అడిగితే ఇద్దరే సార్ అన్న. సటుక్కున వచ్చింది."

తిరుమల పళ్లెంలో చెయ్యి పెట్టుకుని వింటోంది. ఆ మాట తల్లి నోట వినడం ఆమెకూ కొత్తేనని చూడగానే తెలుస్తోంది. అమ్మ ఏ ఓదార్పూ చెప్పలేదు. తప్పు అనలేదు, పోనీలే అనలేదు.

కాసేపటికి లత లేచి, "నడువు, పోదాం" అంది కూతురితో.

"జీపు ముందటికా?"

లత గుమ్మం బయటికి చూసింది. పెద్దబజారు వైపు నుంచి మైకు వినిపిస్తోంది.

"కాదు. ఇంటికి."

"తాత ఏమంటడో."

"తాతకు నేను చెప్త."

తిరుమల చెయ్యి కడుక్కుంది. ఇద్దరూ పక్కపక్కనే నడుచుకుంటూ పోయారు. మలుపు దగ్గర లత మెడలోని కండువా తీసి చేతిలో పట్టుకుంది.

ఈ సంగతి బాపుకు ఎలా తెలిసిందో గాని, సాయంత్రం మనుషులను వెంటబెట్టుకుని ఉత్సాహంగా ఇంటికి వచ్చాడు. "లతనే ఒప్పుకున్నదట గదా. ఇప్పుడే ఊరంత చెప్పాలె. కన్నబిడ్డను దాసిపెట్టినోళ్లకు ఓటేస్తరా అని అడుగాలె. రేపటికి వంద ఓట్లు మల్లుతయి."

"ఎవ్వరు చెప్పద్దు" అంది అమ్మ.

"ఎందుకు చెప్పద్దు? అబద్ధమా?"

"పిల్ల మనింట్ల అన్నం తినుకుంట చెప్పింది. గది మైకుల చెప్పేది కాదు."

"లచ్చయ్య నీ మీద చెప్పలేదా అప్పట్ల?"

"మీరు చెప్తే నా ఓటు గూడ లతకే ఏస్త" అంది అమ్మ. గొంతు పెంచలేదు. బాపు ఆమె ముఖం వైపు చూసి, వెంట వచ్చినవాళ్లను పంపించేశాడు.

కొంచెం పొద్దుండగానే లచ్చయ్య జీపు మా వాడకట్టుకు వచ్చింది. ముందు మనవరాళ్లు లేరు. లత ఒక్కతే రెండు చేతులూ జోడించి నడుస్తోంది. మైకులో లక్ష్ముల మాట కూడా లేదు. అమ్మ తలుపు దగ్గర నిలబడి, జీపు దాటిపోయేదాకా చూసింది.

"మంచిగ మొక్కుతున్నది" అంది నాతో. "నాకు గట్ల రాదు."

పోలింగు రోజు నాకు మా జిల్లాలోనే ఇబ్రహీంపట్నం మండలంలో డ్యూటీ పడింది. పొద్దున ఓట్లు వేయించి, మధ్యాహ్నం నుంచి ఎవరి ఊరి ఓట్లో లెక్కపెడుతూ కూర్చున్నాను. ఫోన్లు బయట పెట్టించారు. కట్టలు కడుతున్న ప్రతిసారీ ఈపాటికి మా ఊళ్లో కూడా ఇలాగే కడుతుంటారని అనుకున్నాను. అంతా అయ్యాక ఫోన్ చేతికి వచ్చింది. అరవింద్ మెసేజ్ ఉంది. ముప్పై లోపు ఓట్లతో అమ్మ ఓడిపోయింది.

ఇల్లు చేరేసరికి దీపాలు పెట్టే వేళ. దూరంగా లచ్చయ్య ఇంటి వైపు పటాకులు పేలుతున్నాయి. ఓదార్చడానికి వచ్చినవాళ్లు ఒక్కొక్కరే లేచి పోతున్నారు. చివరికి అమ్మ, బాపు, చిన్నవ్వ, నేను మిగిలాం. అమ్మ తిరిగి తిరిగి నల్లబడింది. కాళ్లు చాపుకుని గోడకు ఆనుకుని కూర్చుంది.

"ఆ మాట చెప్పనియ్యకపోతివి" అన్నాడు బాపు.

అమ్మ పాదాలు ఒత్తుకుంటోంది.

"పోనీ అప్పుడన్న పెద్దమనుషుల మాట వినకపోతివి. రెండువేల ఒకటిల నిలబడితే ఒక్కడు ఎదురుంటుండెనా నీకు? గెలుస్తుంటివి."

అమ్మ ఏమంటుందోనని నేను నేలవైపు చూస్తూ కూర్చున్నాను.

"గెలుస్తుంటి" అంది అమ్మ.

ఇంతకాలంలో ఆ మాట అమ్మ నోట నేను వినలేదు. ఆమెకు అలాంటి ఆలోచనే లేదేమోనని కూడా అనుకున్నాను. ఉంది. ఆమె కూడా లెక్క వేసుకుంది, మేమందరం వేసుకున్నట్టే.

"గెలిచి, ఆఫీసుల కుర్సీల కూసుంటుంటి" అంది మళ్లీ. "ఇది ఎదురింట్లకెళ్లి బ్యాగు ఏసుకొని బడికి పోతుండె. నేను చూస్తుంటి."

బాపు బీడీ తీసి, అంటించకుండానే పట్టుకుని కూర్చున్నాడు. చిన్నవ్వ కళ్లు తుడుచుకుంది.

"మంచిగ చూసుకుంటుంటి అక్కా" అంది. "పువ్వుల్ల పెట్టి చూసుకుంటుంటి."

"నాకు తెల్వదా" అంది అమ్మ. "గదే నా భయం."